బొన్‌దియా దాటితే దిక్కులేదు

తూర్పు తిమోర్ వాళ్ళ తేతుం భాష ఆన్‌లైన్‌లో మొదలుపెడితే ముందు అంతా హ్యాపీనే, క్రియలు మనిషిని బట్టి మారవు, బొన్‌దియా (శుభోదయం), ఒబ్రిగాదు (థాంక్స్) అనుకుంటూ ఇట్టే వచ్చేసేలా ఉంటుంది. అసలు నరకం ఆ తర్వాతే. ఎక్కడ వెతికినా మళ్ళీ అవే పలకరింపులు, అవే రంగులు, ఎన్నిసార్లు చదవాలండీ బాబూ!

పోనీ వాళ్ళ రాజధాని దిలీ వార్తలు పెట్టుకుందామంటే పోర్చుగీసు మాటలు కుప్పలు కుప్పలు, కుర్రాళ్ళ వీడియోలు చూస్తే మధ్యలో ఇండోనేషియన్. 1999 దాకా ఇండోనేషియా కింద ఉన్నారు, 2002 నుంచి పోర్చుగీసు కూడా అధికార భాషే, కాబట్టి వాళ్ళనేం అనలేం, కానీ నా గతేంటి? రువా, తొలు అని అంకెలు బట్టీ పట్టి కూర్చుంటే టైము పోర్చుగీసులో చెప్తారు, ధర ఇండోనేషియన్‌లో చెప్తారు.

2004లో ప్రభుత్వం స్పెల్లింగ్ ఖరారు చేసింది, ఐనా ఎవడి రాత వాడిదే, డిక్షనరీలో కొడితే దొరికి చావదు. ఆడియో ఉన్నచోట టెక్స్ట్ ఉండదు, టెక్స్ట్ ఉన్నచోట ఆడియో ఉండదు. నిదానంగా చదివిన ఓ చిన్న కథ, కింద టెక్స్ట్‌తో, ఎవరైనా పెట్టండయ్యా, దణ్ణం పెడతా.