బాంజో పట్టుకుంటే సంప్రదాయం చెడిపోతుందా?

మొరాకో బ్యాండ్ నాస్ ఎల్ ఘివానే మీద అహ్మద్ ఎల్ మానౌనీ తీసిన 'ట్రాన్సెస్' (1981) గురించి మాట్లాడేటప్పుడు అందరూ హాలీవుడ్ దర్శకుడు మార్టిన్ స్కోర్సెసీ దగ్గరే మొదలుపెడతారు. ఆయన వరల్డ్ సినిమా ఫౌండేషన్ మొట్టమొదట పునరుద్ధరించి, 2007లో కాన్ చిత్రోత్సవంలో చూపించిన సినిమా ఇదే. సంతోషం. నాకు మాత్రం ఈ డాక్యుమెంటరీలో కనిపించింది వేరే సంగతి. పాత పాటను బతికించేది దానికి కాపలా కాసేవాళ్లు కాదు, తమ అవసరానికి వాడుకునేవాళ్లు.

ఈ బ్యాండ్ పుట్టిన చోటు, కాసాబ్లాంకా నగరంలోని హే మొహమ్మదీ, పల్లెలు వదిలి కూలి కోసం వచ్చినవాళ్ల బస్తీ. అక్కడ ఇంటికో ఊరి పాట. బృందంలో లార్బీ బత్మా తన పల్లె పదాలు తెచ్చాడు. పాకో ఎస్సౌయిరా ఊరి నుంచి గ్నావా సంగీతకారుల తీగ వాద్యం గెంబ్రీ తెచ్చాడు. అల్లాల్ యాలా బాంజో అందుకున్నాడు. రేడియోలో ఈజిప్టు ప్రేమపాటలు మోగుతున్న 1970ల మొదట్లో, వీళ్లు వీధిలో మాట్లాడుకునే అరబిక్‌లో పేదల కష్టం పాడారు.

ఆ బాంజో దగ్గర కాస్త ఆగాలి. మొరాకో జానపదంలో అమెరికా వాద్యమేంటి అనిపిస్తుంది. కానీ దాన్ని అమెరికా ఖండాల్లో తయారు చేసుకున్నది ఆఫ్రికా నుంచి బానిసలుగా తరలించిన మనుషులే. సొరకాయ బుర్రకు తోలు బిగించి, తీగలు కట్టి, తమ ఊళ్ల వాద్యాలను గుర్తు తెచ్చుకుంటూ చేసుకున్నారు. గెంబ్రీ కూడా తోలు బిగించిన మూడు తీగల వాద్యమే. దాన్ని వాయించే గ్నావాలు సహారా దాటించి తెచ్చిన బానిసల వారసులు. అట్లాంటిక్ మీదుగా ఒకటి, ఎడారి మీదుగా ఒకటి ప్రయాణించి, చివరికి ఒకే వేదిక మీద పక్కపక్కన కూర్చున్నాయి. ఇందులో ఏది స్వచ్ఛం, ఏది కల్తీ?

గ్నావా పాట రాత్రంతా సాగే ఆరాధన, వైద్యం. దాన్ని కచేరీకి లాగితే పవిత్రత పోతుందంటారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. అయితే సినిమాలో వేదిక మీదికి దూకి ఒళ్లు మరిచి ఊగిపోయే కుర్రాళ్లను చూడండి. పూనకం ఎక్కడికీ పోలేదు. సినిమా అరబిక్ పేరు 'అల్ హాల్' అంటే కూడా ఆ స్థితే.

సాంస్కృతిక శాఖలు నడిపేవాళ్లు ఈ సినిమా చూడాలి. 2019లో యునెస్కో గ్నావాను వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ గుర్తింపు రావాల్సిందే. నా టెన్షన్ అంతా ఆ తర్వాత ఏం చేస్తారన్నదే. కళాకారుడికి రంగు బట్టలు తొడిగి, ఉత్సవంలో పావుగంట ఇచ్చి, తాతల నాటి మాటలే పాడించి, పరిరక్షించామనుకునే ప్రభుత్వాలు ఏ దేశంలోనైనా ఉన్నాయి. అదే బాణీలో అతని మనవడు ఇంటి అద్దె గురించో, దొరకని ఉద్యోగం గురించో, పోలీసు లాఠీ గురించో పాడితే మైకు ఇస్తారా? సన్మానం కంటే ముందు ఇవ్వాల్సింది ఆ మైకు.

బృందం పుట్టుకలో ముఖ్యుడైన బూజెమా 1974లోనే చనిపోయాడు. ఏడేళ్ల తర్వాత వచ్చిన ఈ సినిమాలో మిగతావాళ్లు పాడుతూనే ఉన్నారు, కుర్రాళ్లు వేదిక ఎక్కుతూనే ఉన్నారు.