వైరు ఎత్తు కొలిచాకే ఊరేగింపు

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు నడుస్తుంటే రథాన్ని లాగే బండి ఆగిపోయింది, సరే మనమే లాగుదాం అని కుర్రాళ్లు చేతులేశారు, పైన వేలాడే వైరు తగిలి కరెంటు పాకి అయిదుగురు పోయారు. తర్వాత జరిగింది తెలిసిందే కదా, సిటీలో కేబుళ్లు కట్ చేసుకుంటూ పోయారు, నెట్ లేదని జనం గోల, కొన్నాళ్లకి అంతా మామూలే. ఆ రథం ఎత్తెంత, ఆ వీధిలో వైరు ఎత్తెంత అని ముందే అడగాల్సింది ఎవరు? ఇది ఎవ్వరూ తేల్చలేదు.

మనకి చేతకాక కాదండీ. 2024లో 70 అడుగుల ఖైరతాబాద్ గణపతిని హుస్సేన్‌సాగర్ దాకా తీసుకెళ్లారు. రూటు ముందే ఖరారు, అడ్డొచ్చే కొమ్మలు, వైర్లు ముందే చూసుకుంటారు, క్రేన్ ఎక్కడుండాలో కూడా తెలుసు. పెద్ద గణపతికి ఉన్న ప్లాను గల్లీలో బోనాల ఊరేగింపుకి, సెంటర్లో ఆడే వీధి నాటకానికి, పులివేషాలకి ఎందుకుండదు అన్నదే మా బాధ.

దీనికి కోట్లేం అక్కర్లేదు. రథం కంటే మూరెడు పొడుగున్న ఎండు వెదురు గడ పట్టుకుని ఒకరు, పక్కన లైన్‌మన్, ఇద్దరూ ముందు రోజు పగలే రూటంతా నడిస్తే చాలు. గడ చివర వైరు దగ్గరికి వస్తుందనిపిస్తే అక్కడే ఆగి రాసుకోవాలి (గడ తగిలించి చూడొద్దు నాయనా). వైరు ఎత్తిస్తారా, సప్లై ఆపుతారా, దారి మారుస్తారా అన్నది ఆ సాయంత్రానికే తేలిపోవాలి. బండి మధ్యలో ఆగిపోతే ఏం చేయాలో కూడా అప్పుడే అనుకోవాలి, అర్ధరాత్రి వీధిలో నిలబడి ఆలోచించేది కాదు అది.

కళాకారుల సంగతి ఇంకా అన్యాయం. డప్పు మోగాలంటే మంట దగ్గర కాచుకోవాలి, ఆ మాత్రం కూడా తెలియనట్టు వాళ్లకి చోటు చూపించరు, పాపం వాళ్లు జనరేటర్ వెనకో షామియానా పక్కనో గడ్డీ కాగితాలూ పోగేసి అంటిస్తారు, అక్కడే డీజిల్ డబ్బా ఉంటుంది. పులివేషం వాళ్లయితే ఒళ్లంతా రంగేసుకుని గంటల తరబడి ఎండలో చీఫ్ గెస్ట్ కోసం ఎదురుచూపులు. నీళ్లుండవు, ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గది ఉండదు. స్టేజీ మీద పూలకి మాత్రం బడ్జెట్ ఉంటుంది!

ఇంకోటి, ఆపే మనిషి. జనం ఎక్కువైపోతే ప్రోగ్రాం ఆపండి అని చెప్పే అధికారం ఒక్కరి చేతిలో ఉండాలి, ఎమ్మెల్యే మైకు పట్టుకుని ఉన్నా సరే. 2022 అక్టోబర్ 29న దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో, హాలోవీన్ పండగకి జనం పోటెత్తిన ఇటెవాన్ ప్రాంతంలో, సాయంత్రం 6.34కే పోలీసులకి మొదటి ఫోన్ వెళ్లింది, ఇక్కడ నలిగిపోయేలా ఉన్నాం అని, రాత్రి పది దాటాక మూడు మీటర్ల సందులో జనం కూలిపోయారు, మొత్తం 159 మంది చనిపోయారు. ఆ పండగకి ఆర్గనైజరే లేడు కాబట్టి బాధ్యత మాది కాదని ఎవరికి వాళ్లు అనుకున్నారు. మన గల్లీ పండగలు చాలావరకూ ఇలాంటివే.

ఇవన్నీ వదిలేసి ప్రమాదం అవగానే బ్యాన్ అంటారు. కందుకూరు రోడ్‌షోలో 8 మంది, నాలుగు రోజులకే గుంటూరులో ముగ్గురు తొక్కిసలాటల్లో చనిపోయాక 2023 జనవరి 2న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో నంబర్ 1 తెచ్చి రోడ్ల మీద సభలకి అడ్డం పడ్డారు, మేలో హైకోర్టు కొట్టేసింది. బ్యానూ పోయింది, ప్లానూ రాలేదు.

మా డిమాండ్ చిన్నదే. పర్మిషన్ కాగితానికి చేత్తో గీసిన మ్యాపు ఒకటి జత చేయమనండి, జనం వచ్చే దారి, పోయే దారి వేరువేరుగా, వైర్లు, జనరేటర్, డప్పు కాచుకునే చోటు, ఆపే మనిషి పేరు, ఫోన్ నంబర్ అందులో ఉండాలి. స్టేషన్‌లో ముద్ర వేసే ముందు పోలీసు, కరెంటు, ఫైర్ వాళ్లు ఒక్కచోట కూర్చుని చూడాలి, నిర్వాహకుల్ని మూడు ఆఫీసులు తిప్పొద్దు. చీఫ్ గెస్ట్ కాన్వాయ్ ఎక్కడ ఆగాలో కూడా ఆ మ్యాపులోనే గీయండి, అంబులెన్స్ దారిలో మాత్రం వద్దు.