పనిషర్ తొలి గురి నిర్దోషి మీదే

బుల్లెట్ బండి ట్యాంకు మీద, కోఠి ఫుట్‌పాత్‌పై అమ్మే నల్ల టీషర్టు మీద, కుర్రాళ్ల ఫోన్ కవర్ల మీద కనిపించే పొడవాటి పళ్ల పుర్రె మార్వెల్ కామిక్స్‌లో చట్టాన్ని పక్కనపెట్టి నేరస్తులను తానే చంపే పనిషర్‌ది. మన నగరంలో ఆ బొమ్మకు ఉన్న అభిమానుల్లో అతను పుట్టిన సంచికను చదివినవాళ్లు తక్కువే అనిపిస్తుంది. దాన్ని తప్పకుండా చదవాలి. ఆ కథలో పనిషర్ తుపాకీ పట్టుకుని వెంటాడేది ఏ నేరమూ చేయని మనిషిని.

అది ‘ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ 129వ సంచిక, 1974 ఫిబ్రవరిది. కథ జెర్రీ కాన్వే, బొమ్మలు రాస్ ఆండ్రూ. పుర్రె దుస్తులకు రూపం ఇచ్చింది జాన్ రొమీటా. అంతకు కొన్ని నెలల ముందు సంచికలో స్పైడర్‌మ్యాన్ శత్రువు నార్మన్ ఆస్బర్న్ తన సొంత వాహనం గుచ్చుకుని చనిపోతాడు. చంపింది స్పైడర్‌మ్యానే అని నగరమంతా నమ్ముతుంది. జాకల్ అనే దుర్మార్గుడు ఆ నమ్మకాన్ని వాడుకుని పనిషర్‌ను ఉసిగొల్పుతాడు. పనిషర్ విచారించడు, అడగడు, గురిపెడతాడు. అసలేం జరిగిందో మనకు తెలుసు, అతనికి తెలియదు. తనను ఒకడు వాడుకున్నాడని అతనికి అర్థమయ్యేసరికి కథ చివరికి వస్తుంది.

భార్యాబిడ్డలను మాఫియా పొట్టనబెట్టుకుందన్న విషాదాన్ని రచయితలు ఆ తర్వాతి కథల్లో చేర్చారు. అంటే మనకు జాలి పుట్టించే గతం కంటే ముందే అతని పొరపాటు పుట్టింది. ఆ పాత్ర గురించి నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఇదే. తర్వాత వచ్చిన కథలు చాలావరకు ఈ చిక్కును పక్కకు నెట్టేశాయి. నేరం జరగడాన్ని ముందు మన కళ్లకు చూపించి, ఆ తర్వాతే శిక్ష చూపిస్తాయి. పాఠకుడే ప్రత్యక్ష సాక్షి. అనుమానానికి తావు లేదు కాబట్టి తూటా న్యాయంగానే కనిపిస్తుంది. బొమ్మల కథకు ఉన్న ఈ సౌకర్యం వార్త చదివేవాడికి లేదు.

అమెరికాలో కొందరు పోలీసులు, సైనికులు ఆ పుర్రెను వాహనాలకు అంటించుకున్నారు. దాన్ని చూసి బాధపడ్డవారిలో కాన్వే ఒకరు. న్యాయవ్యవస్థ విఫలమైందనడానికి గుర్తుగా పుట్టిన పాత్రను ఆ వ్యవస్థ మనుషులే నెత్తిన పెట్టుకోవడమేమిటన్నది ఆయన ఆవేదన. 2019 జులైలో వచ్చిన ‘ది పనిషర్’ 13వ సంచికలో రచయిత మాథ్యూ రోజెన్‌బర్గ్ అదే మాట పనిషర్ చేత అనిపించాడు. తనను ఆరాధించే పోలీసుల ముందే అతను వాళ్ల బండి మీది పుర్రె స్టిక్కర్‌ను చింపేస్తాడు. మీరు చట్టానికి ప్రమాణం చేసినవాళ్లు, నేను దాన్ని వదిలేసినవాణ్ణి, ఆదర్శం కావాలంటే కెప్టెన్ అమెరికాను చూడండి అంటాడు.

అదే ఏడాది నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగిన దిశ ఘటన జరిగింది. డిసెంబర్ 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. ఆ జనాన్ని తక్కువ చేసి మాట్లాడటం నా వల్ల కాదు. 2012 నిర్భయ కేసులో దోషులకు అప్పటికింకా ఉరి పడలేదు. ఆడపిల్ల ఇంటికి చేరేదాకా కళ్లు వాకిలి మీదే పెట్టుకునే ఊళ్లో ఆ కోపానికి కారణం ఉంది.

కానీ ఆ నలుగురే దోషులని ఆ ఉదయం మనకు చెప్పింది ఎవరు? పోలీసులే. లాకప్‌లో పోలీసులకు ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా చెల్లదని అప్పటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పేది. ఆ నియమం ఊరికే పుట్టలేదు. తుపాకులు లాక్కుని దాడి చేస్తే ఆత్మరక్షణకు కాల్చామన్నదీ పోలీసులే. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ ఆ మాటను నమ్మలేదు. చంపాలనే కాల్చారని, 10 మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని, చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని చెప్పింది. 2022 మే నెలలో ఆ నివేదిక బయటికొచ్చినప్పుడు పూలు చల్లిన చోట దాని గురించి పెద్దగా చర్చ జరిగినట్టు కనబడదు.

నన్ను మరీ వేధించేది వేరే సంగతి. ఆ నవంబర్ రాత్రి ఫిర్యాదు చేయడానికి వెళ్తే మా పరిధి కాదంటూ తిప్పారని కుటుంబం ఆరోపించింది. జాప్యం చేసినందుకు ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు నమోదు చేసే జీరో ఎఫ్ఐఆర్ గురించి కొద్దిరోజులు గట్టిగానే మాట్లాడుకున్నాం. అవసరమైన వేళ కదలని వ్యవస్థే తొమ్మిదో రోజుకల్లా మనకు హీరో అయిపోయింది. పనిషర్ కథల్లోనైనా పోలీసులు పని చేయని చోట అతను దిగుతాడు, వాళ్ల మీద తిరగబడతాడు కూడా. మనం మాత్రం ఆ పుర్రెను ఖాకీ చొక్కాకే కుట్టేశాం.

నిందితులు చనిపోతే వాళ్ల మీద విచారణ ఉండదు. విచారణ జరిగి ఉంటే నేరం ఎవరు ఎలా చేశారో సాక్ష్యాలతో రికార్డుకెక్కేది. దర్యాప్తు అధికారులను బోనులో నిలబెట్టి, ఆ రాత్రి మొదటి ఫిర్యాదు ఎన్ని గంటలకు అందింది, గాలింపు ఎప్పుడు మొదలైంది అని లాయర్లు గుచ్చిగుచ్చి అడిగేవారు. దిశ కుటుంబానికి దక్కాల్సిన ఆ జవాబులు కూడా చటాన్‌పల్లిలో నిందితులతోపాటే పోయాయి. కమిషన్ చెప్పిన 10 మంది మీద ఇప్పటికైనా కోర్టు విచారణ జరగాలి, ఆ ఫిర్యాదు జాప్యం మీద కూడా.