పిల్లల ఐసీయూలో సీపీఆర్: ఏ లెక్క చూడాలి?

ఐసీయూలో బిడ్డకు సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ, ఊపిరి అందించే అత్యవసర చికిత్స) మొదలుపెట్టారని తెలియగానే బయట కూర్చున్న తల్లిదండ్రులు సగం ఆశ వదిలేసుకుంటారు. లెక్కలు అంత నిరాశగా లేవు. అమెరికాలోని 18 పిల్లల ఐసీయూల్లో సీపీఆర్ అందుకున్న 1,129 మందిని పరిశీలించిన అధ్యయనం 2022లో వెలువడింది. వాళ్లలో సగం మందికి పైగా ప్రాణాలతో డిశ్చార్జి అయ్యారు. ఆసుపత్రి బయట గుండె ఆగిన పిల్లల్లో బతికేది సుమారు పదిమందిలో ఒక్కరే.

ఐసీయూలో మానిటర్ వెంటనే అలారం కొడుతుంది, డాక్టర్, నర్సు చేతికందే దూరంలో ఉంటారు. తేడాకు ఇదొక కారణం. రెండోదాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పెద్దవాళ్లలోలా పిల్లల గుండె ఉన్నట్టుండి ఆగిపోవడం తక్కువ. ఊపిరి అందకో, ఇన్ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోయో గుండె వేగం తగ్గుతూ వస్తుంది. ఆక్సిజన్ ఇచ్చి ఊపిరి అందించినా వేగం నిమిషానికి 60 లోపే ఉండి, ఒంటికి రక్తం సరిగా అందకపోతే, నాడి తెలుస్తున్నా ఛాతీ నొక్కడం మొదలుపెడతారు. వీళ్లూ సీపీఆర్ లెక్కలోకే వస్తారు. అమెరికా ఆసుపత్రులు ఇలాంటి కేసులు నమోదు చేసే రిజిస్ట్రీలో నాడి పూర్తిగా ఆగిన పిల్లల్లో బతికినవాళ్లు 2000లో 19 శాతం, 2018 నాటికి 38 శాతం. నాడి ఉండగానే సీపీఆర్ అందుకున్నవాళ్లలో అది 57 నుంచి 66కి పెరిగింది. రెండు గుంపులనూ కలిపేసి ‘మా దగ్గర ఇంతమంది బతికారు’ అని ఏ ఆసుపత్రి చెప్పినా నేనైతే నమ్మను.

2022 అధ్యయనంలో అసలు పరీక్షించింది శిక్షణను. బొమ్మ మీద మంచం పక్కనే సాధన, ప్రతి సంఘటన తర్వాత ఏం జరిగిందో కూర్చుని చర్చ. మెదడు బాగా పనిచేసే స్థితిలో బతికినవాళ్లు శిక్షణ ఉన్నచోట 53.8 శాతం, లేనిచోట 52.4. తేడా లేనట్టే. దీంతో శిక్షణ దండగని తేల్చేయడం తొందరపాటు. అవి ముందే బాగా ఆరితేరిన ఐసీయూలు.

నొక్కే తీరులో ఇంకా మెరుగుపడే చోటు ఉంది. శిశువుకు సుమారు 4 సెంటీమీటర్లు, పెద్ద పిల్లలకు 5 అని లోతు చెబుతారు కానీ, ఒళ్లన్నీ ఒకేలా ఉండవు కదా. ధమనిలో బీపీ కొలిచే సన్నని గొట్టం (లైను) ఉన్న బిడ్డకు నొక్కుతున్నప్పుడే కింది బీపీ (డయాస్టాలిక్) మానిటర్ మీద కనిపిస్తుంది. అది ఏడాదిలోపు పిల్లల్లో 25, ఆపై వయసువాళ్లలో 30కి తగ్గకుండా ఉన్నప్పుడు ఎక్కువమంది బతికారని 2018లో వచ్చిన మరో అధ్యయనం చూపింది. అంకె తగ్గితే చేతి స్థానం, ఒత్తిడి అక్కడికక్కడే మార్చుకోవచ్చు.

ఆ తర్వాతి రోజులూ అంతే ముఖ్యం. జ్వరం రానివ్వకూడదు, బీపీ పడిపోనివ్వకూడదు. పైకి కనిపించని ఫిట్స్‌ను ఈఈజీతో (మెదడులోని విద్యుత్ తరంగాలను చూపే పరీక్ష) పట్టుకోవాలి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2020 మార్గదర్శకాల్లో కోలుకునే దశను కూడా చికిత్స గొలుసులో చేర్చింది. ఆసుపత్రుల లెక్కలు మాత్రం ఎక్కువగా డిశ్చార్జి దగ్గరే ఆగిపోతున్నాయి. ఏడాది తర్వాత ఆ బిడ్డ నడుస్తోందా, మాట్లాడుతోందా, బడికి వెళ్తోందా అన్న వరసలు కూడా ఆ పట్టికలో ఉండాలి.