వేప పోయె, పైన్ వచ్చె, ఢాం ఢాం

నల్లగొండలో సొంత ఇల్లు కట్టుకున్న ప్రతివారూ గేటు పక్కన ఒక పైన్ చెట్టు పెంచి తీరాలని నా దృఢాభిప్రాయం. నేను పెంచుతున్నాను. దానికి చోటు కావాలని ముప్పై ఏళ్ల వేపచెట్టును కొట్టించాను.

వేపతో వచ్చిన చిక్కల్లా నీడే. నీడ ఉన్నచోటికి జనం చేరతారు. బత్తాయిల బండి అక్కడే ఆగేది. ఉగాది వస్తే పువ్వు కోసం వీధి వీధంతా మా గోడెక్కేది. పైన్‌కు ఈ దుర్గుణం లేదు. సూదుల్లాంటి ఆకుల మధ్య నుంచి ఎండ తిన్నగా నేలకు దిగుతుంది. దాని కింద మేక కూడా పడుకోదు.

నర్సరీలో నాకు అంటగట్టింది అసలు పైనే కాదని కిట్టనివారు అంటున్నారు. అది అరకేరియా అట. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ నడుమ సముద్రంలో ఉన్న నార్ఫోక్ దీవి దాని పుట్టిల్లట. కావచ్చు. అసలు పైన్‌కు హిమాలయం కావాలి, దీనికి సముద్రపు గాలి కావాలి. నల్లగొండలో రెండూ లేవు కనుక ఏదైతే ఏమిటి?

పెంపకం పెద్ద కష్టం కాదు. మా జిల్లా బోరునీళ్లలోని ఫ్లోరైడ్ తరతరాలుగా మనుషుల ఎముకలు వంచింది. మనుషులు సర్దుకుపోయారు. కుండీలో ఉన్న పరాయి మొక్కకు ఆ నీళ్లు పోయడానికి మాత్రం మనసొప్పక క్యాను నీళ్లు తెప్పిస్తున్నాను. నవ్వేవారు మహబూబ్‌నగర్ వెళ్లి అడగండి: వందల ఏళ్లు మన ఎండలోనే బతికిన పిల్లలమర్రికి చెదలు పడితే 2018లో సెలైన్ సీసాలు కట్టి మందెక్కించారు. మర్రికి ఆ మర్యాద ఉన్నప్పుడు నా పైన్‌కు గొడుగు పట్టడం తప్పా?

"బిడ్డా, దీనికి ఆకులెప్పుడు వస్తాయి?" అని పక్కింటి అవ్వ అడిగింది. వచ్చినవి అవేనని చెబితే జాలిగా చూసి వెళ్లింది.

మే నెల వచ్చింది, ఎండ నలభై నాలుగు దాటింది, సూదులు ఇటుక రంగుకు తిరిగాయి. అందుకని రోజూ పది గంటలకల్లా కుండీని ఇద్దరం మోసుకెళ్లి అవ్వ వాళ్ల వేపచెట్టు కింద పెడుతున్నాం. బత్తాయిల బండి పక్కన కాస్త చోటిచ్చారు. వాళ్లబ్బాయి కూడా వేపను కొట్టించి పైన్ పెడతాడట. నిర్ణయం మంచిదే కానీ, వానలు పడేదాకా ఆగమని బతిమాలాను.