లీటరున్నర పాఠం

ఎం.డి. రేడియాలజీలో సీటు వచ్చిందని చెప్పగానే మా మేనత్త, "మూడేళ్ళు చీకటి గదిలో కూర్చోవడానికా ఇంత చదువు చదివావు?" అంది. చీకటి సంగతి ఆవిడైనా చెప్పింది. నీళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు.

పొత్తికడుపు అల్ట్రాసౌండ్‌కు మూత్రాశయం నిండుగా ఉండాలి. శబ్ద తరంగాలకు గాలి గిట్టదు. పేగుల్లోని గాలి తగిలితే చాలు, వెనక్కి తిరిగి వచ్చేస్తాయి. నిండిన మూత్రాశయం ఆ పేగులను పక్కకు నెట్టి, లోపలికి చూడటానికి తానే కిటికీ అవుతుంది. అందుకని మొదటి ఏడాదంతా నా వైద్యం ఒకే మాట: "నిండలేదమ్మా, ఇంకో రెండు గ్లాసులు తాగి రండి." ఆ రోజు పొద్దున ఒక పెద్దమ్మను రెండుసార్లు అలాగే వెనక్కి పంపాను. ఆమె ఏమీ అనలేదు. పొట్ట మీది జెల్ కొంగుతో తుడుచుకుంటూ నన్నొక చూపు చూసింది, అంతే.

పన్నెండింటికి కొత్త విద్యార్థులకు ప్రొఫెసర్ గారి పాఠం. పరీక్ష చేసి చూపడానికి మనిషి కావాలన్నారు. సీనియర్లందరూ ఒక్కసారిగా తమ చెప్పుల వంక చూసుకోవడంతో ఆ అదృష్టం నాకు దక్కింది. పదకొండింటికే లీటరున్నర నీళ్ళు తాగి కూర్చున్నాను. సరిగ్గా పాఠం వేళకు క్యాజువాలిటీ నుంచి ప్రమాదం కేసు వచ్చింది. సార్ అటు వెళ్ళి ముప్పావు గంటకు తిరిగొచ్చారు. నన్ను బల్ల మీద పడుకోబెట్టి, పాఠాన్ని 1880లో పీజో విద్యుత్తును, అంటే స్ఫటికాన్ని నొక్కితే పుట్టే విద్యుత్తును, కనుక్కున్న క్యూరీ సోదరుల దగ్గర మొదలుపెట్టారు. పియరీ క్యూరీ ఎంతటి మహానుభావుడైనా ఆ క్షణంలో ఆయన మీద నాకు ఏమాత్రం గౌరవం కలగలేదు.

తర్వాత జెల్. మంచుముద్దలా తగిలింది. ఆపైన పొట్ట మీద ఆనించి చూసే ప్రోబ్ ఒక్కొక్కరి చేతికీ వెళ్ళింది. "గట్టిగా నొక్కవయ్యా, భయమెందుకు?" అంటున్నారు సార్. భయం నాకని ఆయనకు తట్టలేదు. ఒక కుర్రవాడు పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి గుణించి, "1250 మిల్లీలీటర్లు సార్" అన్నాడు. మూత్రాశయం ఇటుక కాదు కదా, చివర 0.52తో కూడా గుణించాలి. సార్ సరిదిద్దితే 650 తేలింది. నాకు మాత్రం కుర్రవాడి లెక్కే నిజమనిపించింది.

"ఇప్పుడు ఖాళీ చేసి వస్తే, లోపల మిగిలింది ఎంతో..." సార్ మాట పూర్తయ్యేసరికి నేను వరండాలో ఉన్నాను.

ఆ వరండాకంతటికీ ఒకటే మరుగుదొడ్డి. ముందు పెద్ద వరుస. పొద్దుటి నుంచి నేను నీళ్ళు తాగించినవాళ్ళే అందరూ. అందరికన్నా ముందు, తలుపు మీద చెయ్యి వేసి, ఆ పెద్దమ్మ. నా నడక చూసింది, చొక్కా కింద కారుతున్న జెల్ చూసింది. చెయ్యి తీసి పక్కకు జరిగింది.

"దారి ఇవ్వండమ్మా," అంది వెనకవాళ్ళతో. "డాక్టరు బాబుకు నిండింది."