చీటీ రాశారు సరే, బిడ్డ చేరిందా?

ఉత్తరాంధ్ర మొత్తం మీద ఇంత వైద్యం ఒకే ఊళ్ళో ఉన్నది విశాఖలోనే. మహారాణిపేటలో కింగ్ జార్జి ఆసుపత్రి (కేజీహెచ్), పెదవాల్తేరులో ఈఎన్‌టీ ఆసుపత్రి, ఆ దగ్గర్లోనే రాణీ చంద్రమణీదేవి ఆసుపత్రి, చినవాల్తేరులో మానసిక వైద్యశాల. అయినా రెండేళ్ళొచ్చి మాట రాని పిల్లాడు, ఏడాది దాటినా కూర్చోలేని పాప థెరపీ మొదలయ్యే చోటికి చేరేసరికి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు గడిచిపోతున్నాయి. ఈ ఆలస్యమంతా డాక్టర్ల కొరత వల్లే అంటే నేను ఒప్పుకోను. ఒక గుమ్మం నుంచి ఇంకో గుమ్మానికి బిడ్డను చేర్చే పూచీ ఎవరూ తీసుకోకపోవడం వల్ల ఎక్కువ నష్టం జరుగుతోంది.

కాగితం మీద ఏర్పాటు బాగానే ఉంది. ఆశా కార్యకర్త బిడ్డకు మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను నెలలు నిండినప్పుడు ఇంటికి రావాలి. మెడ నిలిపిందా, పిలిస్తే తిరిగి చూస్తోందా అని చూసుకోవడానికి తల్లీబిడ్డల కార్డులోనే బొమ్మలతో సహా ఉంటుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడికి ఒకసారి వెళ్ళి 30 రకాల సమస్యల కోసం పిల్లల్ని పరీక్షించాలి. తేడా కనిపిస్తే డీఈఐసీకి, అంటే పిల్లల్లో లోపాలను త్వరగా గుర్తించి చికిత్స మొదలుపెట్టే జిల్లా కేంద్రానికి పంపాలి. పిల్లల డాక్టరు, ఫిజియో, స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు అంతా ఒకే కప్పు కింద ఉండాలన్నది దాని ఉద్దేశం.

ఇందులో ఒక చిత్రం ఉంది. మూడేళ్ళు రాగానే మధురవాడ అపార్ట్‌మెంట్లలోని పిల్లలు ప్రైవేటు ప్లేస్కూల్‌కి వెళ్తారు. ఆ బృందాలు అక్కడికి రావు. డబ్బున్న ఇంటి బిడ్డ కూడా ఇలా జల్లెడలోంచి జారిపోతోంది. ఇక ఇళ్ళల్లో మాట తెలిసిందే: ‘వాళ్ళ నాన్నకీ అయిదో ఏటే మాటలొచ్చాయి, కంగారెందుకు?’ కొందరు డాక్టర్లూ మూడేళ్ళు నిండనిమ్మంటారు. వినికిడి విషయంలో ఈ ఓపిక చాలా ఖరీదైనది. పుట్టిన నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలవ్వాలన్నది అంతటా ఒప్పుకున్న లెక్క. మాట రాలేదంటే ముందు చెవి పరీక్ష చేయించాలి, మిగతా ఆలోచనలు తర్వాత.

అసలు చిక్కు ఫలానా ఆసుపత్రికి వెళ్ళమని చీటీ రాశాక మొదలవుతుంది. పాడేరు వైపు నుంచి ఒక తల్లికి ‘కేజీహెచ్‌కి వెళ్ళండి’ అని రాసిచ్చారనుకోండి. రిజిస్టరులో ‘రిఫర్ చేశాం’ అని పడింది, వాళ్ళ పని అయిపోయింది. ఆవిడ ఘాట్ రోడ్డు దిగి, వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, ఓపీ వేళకు అందుకోవాలి. ఒక్కసారైతే ఎలాగో వస్తుంది. కానీ థెరపీ అంటే వారానికి రెండు మూడు సిట్టింగులు, నెలల తరబడి. గాజువాక నుంచి రోజుకూలీ వదులుకుని రావడమే కష్టం, పాడేరు మాట చెప్పక్కర్లేదు. క్రమంగా వెళ్ళలేని చోటికి పంపిస్తే దాన్ని వైద్యం అందించడం అనలేం. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్షా వారి భవిత కేంద్రాలున్నాయి. అయితే అవి విద్యాశాఖవి, ఆసుపత్రి వైద్యశాఖది, అంగన్‌వాడీ మహిళా శిశు సంక్షేమ శాఖది, ఉపకరణాలిచ్చేది దివ్యాంగుల సంక్షేమ శాఖ. ఆ నాలుగు కార్యాలయాల మధ్య ఫైలు పట్టుకుని తిరిగేది తల్లే.

దీనికి తోడు సదరం, అంటే వైకల్యం ఎంత శాతమో చెప్పే సర్టిఫికెట్ గందరగోళం. ఎక్కడ అడిగినా ముందు వచ్చే మాట ‘సదరం తెచ్చుకోండి’. గ్రామ, వార్డు సచివాలయంలో స్లాట్ కోసం ఎదురుచూపు, తర్వాత క్యాంపు, తర్వాత పర్సంటేజీ. 40 శాతం వస్తేనే చాలా పథకాలకు అర్హత. దివ్యాంగుల పింఛను 2024లో నెలకు 6,000 రూపాయలయ్యాక ఈ సర్టిఫికెట్ విలువ పెరిగింది, 2025లో పింఛన్ల పునఃపరిశీలనతో అనుమానపు చూపూ పెరిగింది. దొంగ సర్టిఫికెట్లను ఏరేయాల్సిందే, అందులో తగాదా లేదు. కానీ పింఛను కోసం నిలబడ్డ అదే క్యూలో రెండేళ్ళ బిడ్డనెత్తుకున్న తల్లి ఎందుకు నిలబడాలి? థెరపీ మొదలుపెట్టడానికి పర్సంటేజీతో పనే లేదు. బిడ్డకు అయిదేళ్ళు నిండేదాకా వెనకబాటును ఎదుగుదలలో ఆలస్యంగానే చూడాలని సర్టిఫికెట్ల మార్గదర్శకాలే చెబుతున్నాయి, బుద్ధిమాంద్యం అని రాయడం ఆ తర్వాతే. థెరపీనీ సర్టిఫికెట్‌నీ ఇలా కలిపేయడంతో ఇంకో నష్టమూ జరుగుతోంది. సర్టిఫికెట్ తీసుకుంటే పిల్లకు ముద్ర పడుతుందని భయపడే కుటుంబాలు థెరపీకీ దూరంగా ఉంటున్నాయి. ఒకదానికి వెళ్తే రెండోది అంటుకుంటుందని వాళ్ళ టెన్షన్.

ఈ ఖాళీలోకి ప్రైవేటు సెంటర్లు వచ్చాయి. మంచివీ ఉన్నాయి. బోర్డు తప్ప ఏమీ లేనివీ ఉన్నాయి. స్పీచ్ థెరపిస్టుకీ స్పెషల్ ఎడ్యుకేటర్‌కీ భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడిగే తల్లిదండ్రులు తక్కువ, అడిగితే నొచ్చుకునే సెంటర్లు ఎక్కువ.

మార్గం తెలియనిదేం కాదు. టీబీ రోగి మధ్యలో మందులు మానేస్తే ఇదే వైద్యశాఖ ఇంటికి మనిషిని పంపుతుంది. కాన్పు నొప్పులొస్తే ఆశా ఆసుపత్రి దాకా వెంట వస్తుంది. థెరపీకి రావాల్సిన బిడ్డ రెండు వారాలు రాకపోతే ఫోన్ చేసే మనిషి మాత్రం లేరు. రిజిస్టరులో ‘రిఫర్ చేశాం’ పక్కన ‘చేరింది’, ‘థెరపీ మొదలైంది’ అని మరో రెండు గడులు పెట్టి, అవి నిండేదాకా పంపిన ఏఎన్ఎంనే (ఆరోగ్య శాఖ నర్సునే) బాధ్యురాలిని చేయాలి. ఆమె మీద ఇప్పటికే పని భారం ఎక్కువన్న సంగతి నాకూ తెలుసు, ఆ పనికి తగ్గ సొమ్మూ ఇవ్వాలి. పాడేరు, అనకాపల్లి 2022 నుంచి వేరే జిల్లాల్లో ఉన్నాయి కాబట్టి వారాల తరబడి సాగే థెరపీ అక్కడే అందాలి, విశాఖకు నిర్ధారణ కోసం వస్తే చాలు.

ఈలోగా చీటీ చేతిలో పడ్డ తల్లిదండ్రులు అక్కడే నిలబడి మూడు విషయాలు రాయించుకోవాలి: ఏ విభాగం, ఏ రోజు, ఎవరి ఫోన్ నంబరు. సదరం స్లాట్ వచ్చినప్పుడు వస్తుంది, థెరపీకి మాత్రం ఆ వారమే వెళ్ళాలి.